ఇంటి కారునకు ఎట్టి స్ప్రింగులు తగును?

పశ్చిమ గోదావరి జిల్లానుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ మాసమున మాకు చేరినది. ఆమె యింట చిన్న కారొకటి కలదు. ఎనిమిదేండ్ల క్రిందట కొన్నది. ప్రతిదినము దానిని తానే నడుపుకొని పాఠశాలకు పోయి పాఠములు చెప్పి వచ్చుచుండును. వారమునకు మూడుమారులు అత్తగారిని వైద్యశాలకు కొనిపోవును. ఆ పెద్దావిడకు డెబ్బదిరెండేండ్లు. క్రిందటి వేసవిలో జారిపడుటచే వెన్నుపూస యొకటి నలిగినది. సంక్రాంతికిని, వేసవి సెలవులకును ఐదుగురు కూర్చుండి, డిక్కీనిండ సామాను వేసికొని స్వగ్రామమునకు బయలుదేరినచో కారు వెనుకభాగము క్రుంగి, స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడెల్ల అడుగు రాచుకొనుచున్నదట. మెకానికు చూచి, "గట్టి స్ప్రింగులు వేయింపుడు, సరిపోవును" అనెను. భర్తగారు సమ్మతించిరి. ఇంజనీరింగు చదువుచున్న కుమారుడు, ఎట్లును మార్చుచున్నారుగదా, కారును కొంచెము క్రిందికి దించు గట్టి స్ప్రింగులు వేయింతము, చూచుటకు సొంపుగా నుండునని పట్టుబట్టుచున్నాడు. "ఇది మగవారి పని, నీకేల యనుచున్నారు. రోజును నడుపునది నేను. వెనుక కూర్చుండి మూల్గునది మా అత్తగారు. నేనేమి చెప్పవలెను?" అని ఆమె ప్రశ్న.

ఇది మగవారి పని యనుట మాకు సమ్మతము కాదు. కూరలో ఉప్పెంత పడవలెనో తినువారి నెరిగినవారు నిర్ణయింపవలెను గాని ఉప్పమ్మువాడు నిర్ణయింపరాదు. కారులో రోజు నెవరు కూర్చుండుదురో, ఎంత బరువు పడునో, ఏ దారిని పోవునో ఆ సోదరికి తెలిసినంతగా మెకానికునకు తెలియదు. తెలియవలసినది స్ప్రింగు స్వభావము మాత్రమే. అది కష్టమైన విద్య కాదు.

పాత కాగితములు కొనువాడు తెచ్చు కొక్కెపు త్రాసును చూడని యిల్లాలుండదు. ఒక కిలో తగిలించిన ముల్లు ఎంత దిగునో, రెండు కిలోలకు దానికి రెట్టింపు దిగును. బరువు ననుసరించి సరిగా సాగుట స్ప్రింగు గుణము. రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ నియమమును 1678లో విశదముగా ప్రకటించెను. కారు స్ప్రింగు సాగదు, నలుగును. నియమము మాత్రము అదియే. ఒక మిల్లీమీటరు నలుగుటకు ఎన్ని కిలోల బరువు కావలయునో దానినే మనము ఇక్కడ స్ప్రింగు బిగువు అందము.

ఈ బిగువు తీగ లావును బట్టియు, చుట్టు వెడల్పును బట్టియు, చుట్ల సంఖ్యను బట్టియు నుండును. అందు తీగ లావునకే ప్రాబల్యము మెండు. తక్కినవన్నియు సమానమై, 10 మిల్లీమీటర్ల తీగకు బదులు 11 మిల్లీమీటర్ల తీగ వాడినచో బిగువు నూటికి 46 వంతులు పెరుగును. కంటి కది తెలియదు. కావున అంగడిలో రెండు స్ప్రింగులను ప్రక్కప్రక్కన నిలిపి చూచి, "రెండును ఒకటేగదా" అని కొనుట తగదు. తయారుచేయువారు వేరు వేరు బిగువుల గుర్తుగా స్ప్రింగులపై రంగు చుక్కలు వేయుదురు. పెట్రోలు కారునకును, బరువైన ఇంజను గల డీజిలు కారునకును, చూచుటకు బండి యొకటే యైనను, ముందు స్ప్రింగులు తరచు వేరుగా నుండును. ఆ చుక్కలను, సంఖ్యను సరిచూచి తీసికొనవలెను.

ఇక కూర్చుండినవారికి తెలియునది బిగువు కాదు, ఊపు. కారు తన స్ప్రింగులపై నిమిషమునకు ఎన్నిమారులు క్రిందికి మీదికి ఊగునో దానిని బట్టి సుఖదుఃఖములు. ఇంటి కార్లు సామాన్యముగా నిమిషమునకు 60 మొదలు 90 మారుల వరకు ఊగునట్లు కూర్పబడును. చిన్న కార్ల వెనుకభాగము ఖాళీగా నున్నప్పుడు ఇంతకంటె కొంత హెచ్చుగా ఊగును. మనము నడచునప్పుడు అడుగులు నిమిషమునకు నూటికి అటునిటుగా పడును గనుక ఆ జోరు శరీరమునకు చిన్ననాటినుండి అలవాటే. మరీ మెల్లగా, నిమిషమునకు 30 కంటె తక్కువగా ఊగినచో కడుపులో త్రిప్పును. పడవలో తల తిరుగుట అందువలననే. వెన్నెముక సహింపలేనిది మరియొకటి కలదు. సెకనునకు 4 మొదలు 8 మారుల వరకు వచ్చు అదురు కూర్చున్న మనిషి నడుమునకును, పొట్టలోని అవయవములకును మిక్కిలి సోకును. గతుకుల రోడ్డుపై ఇట్టి అదురు చక్రమునుండి ఎల్లప్పుడును పుట్టుచునే యుండును. మెత్తని స్ప్రింగు దానిని చాలవరకు తనలో నణచుకొనును. గట్టి స్ప్రింగు లోనికి పంపును. నలిగిన వెన్నుపూస గల పెద్దావిడకు ఈ భేదము చిన్నది కాదు.

ఇప్పుడు లెక్క చూతము. ఒక చిన్న కారు వెనుక చక్రమొక్కొక్కదానిపై, నడుపువారు మాత్రమే యున్నప్పుడు 150 కిలోలును, ఐదుగురును సామానును ఎక్కినప్పుడు 275 కిలోలును ఉన్నవనుకొందము. చక్రమువద్ద బిగువు మిల్లీమీటరునకు 2 కిలోలు. ఖాళీగా స్ప్రింగు 75 మిల్లీమీటర్లు నలిగి నిలుచును, నిండినప్పుడు 137. అనగా కారు 62 మిల్లీమీటర్లు, రెండున్నర అంగుళములు, క్రుంగును. ఊపు ఖాళీగా నిమిషమునకు సుమారు 109, నిండుగా 81. పండుగ ప్రయాణమున ఐదుగురు కూర్చున్న కారే మెత్తగా పోవుట మీరును గమనించియుందురు, కారణ మిదియే.

మెకానికు చెప్పినట్లు బిగువును ఒకటిన్నర రెట్లు చేసి, 3 కిలోల స్ప్రింగు వేసితిమనుకొనుడు. ఖాళీగా కారు పూర్వపు టెత్తుననే నిలుచునట్లు తయారైన స్ప్రింగైనచో, పండుగనాడు క్రుంగుట 62 నుండి 42 మిల్లీమీటర్లకు తగ్గును. లాభము 20 మిల్లీమీటర్లు, మన చూపుడువ్రేలి వెడల్పు కంటె కొంచెము హెచ్చు. దానికి చెల్లింపవలసిన వెల యేమి? ఖాళీ కారు ఊపు నిమిషమునకు 134కు ఎగబ్రాకును. సంవత్సరమున నాలుగు ప్రయాణముల కొరకు తక్కిన మూడువందల దినములును ఆ కుదుపు పడవలెను. నూటికి ఇరువది వంతులు మాత్రమే పెంచినచో ఊపు 120కి చేరును, లాభము 10 మిల్లీమీటర్లు మాత్రమే దక్కును.

చిన్న కార్లకు ఈ చిక్కు పుట్టుకతోనే వచ్చినది. పెద్ద కారునకు ఐదుగురు మనుష్యులు దాని బరువులో చిన్న భాగము. చిన్న కారునకు పెద్ద భాగము. 1948లో పారిస్ ప్రదర్శనమున చూపబడిన సిత్రోయెన్ టూ సీవీ యను ఫ్రెంచి కారును గూర్చి యొక ముచ్చట కలదు. దున్నిన చేనిలో గ్రుడ్ల బుట్ట పెట్టుకొని పోయినను ఒక్క గ్రుడ్డును పగులరాదని దానిని నిర్మింపజేసిన బులాంజె గారి కోరిక. అందుకై మిక్కిలి మెత్తని స్ప్రింగులు వేసి, ఒక్కొక్క ప్రక్క ముందు చక్రమును వెనుక చక్రమును వానితో జతగూర్చిరి. మలుపులలో ఆ కారు పడవవలె ఒరగును. ఐనను పల్లెటూళ్లవారు దానిని మెచ్చి కొనిరి. ఆంగ్లదేశమున 1959లో వెలువడిన మినీ కారు మరియొక దారి త్రొక్కినది. అది ఆరువందల కిలోల కారు. నలుగురెక్కినచో వారి బరువు దాదాపు దానిలో సగము. అలెక్స్ మౌల్టన్ దానికి ఇనుప స్ప్రింగులకు బదులు రబ్బరు శంకువులు అమర్చెను. రబ్బరు నలిగినకొలది గట్టిపడును గనుక, బరువు తక్కువైనప్పుడు మెత్తగాను, హెచ్చైనప్పుడు గట్టిగాను నుండును. నేటి కార్లలో కొన్నిటికి చుట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరముగా చుట్టిన స్ప్రింగులు వేయుట ఇట్టి ప్రయోజనము కొరకే. బరువు పడినప్పుడు దగ్గరి చుట్లు ఒకదానినొకటి తాకి పని మానును, మిగిలిన స్ప్రింగు గట్టిపడును.

మా యింటి యనుభవమును కూడ చెప్పవలసియున్నది. మూడేండ్ల క్రిందట మాకును ఈ సోదరికి వచ్చిన చిక్కే వచ్చినది. అప్పుడొక దుకాణమువారు వెనుక స్ప్రింగుల చుట్ల నడుమ ఇరికించు రబ్బరు కట్లను చూపి, "స్ప్రింగులు మార్చనక్కరలేదు, పది నిమిషముల పని" యనిరి. వేయించితిమి. కారు నిజముగానే లేచి నిలిచినది. మేము మిక్కిలి సంతోషించితిమి. మరునాడు మా తల్లిగారిని ఎక్కించుకొని ముప్పది మైళ్లు పోయితిమి. ఆమె దారి పొడుగునను మాటాడలేదు. దిగి నడుము పట్టుకొని, "గూడుబండిలో వరిగడ్డి పరచుకొని పోయిన రోజులే మేలమ్మా" అనిరి. రబ్బరు ఇరుకుకొన్న చోట చుట్టు నలుగదు. నలుగని చుట్టు లేనట్లే. చుట్లు తగ్గిన బిగువు పెరుగును. డబ్బిచ్చి మేము కొన్నది గట్టి స్ప్రింగే యన్నమాట. వారమునకే తీయించితిమి. తీసి చూడగా రబ్బరు ఒరసిన చోట స్ప్రింగు రంగు లేచిపోయి తుప్పు మొదలైనది.

కావున ఆ సోదరికి మా మొదటి సలహా: స్ప్రింగు బిగువు మాట తరువాత, ముందు కారు రోగమేమో చూడవలెను. ఎనిమిదేండ్ల కారు క్రుంగుచున్నదనిన, స్ప్రింగు మెత్తదని యర్థము కాదు, అలసినదని కావచ్చును.

టైర్ల గాలితో మొదలుపెట్టుడు. నడుపువారి తలుపువద్ద అంటించిన చీటిలో, తక్కువ బరువునకు ఒక సంఖ్యయు, నిండు బరువునకు దానికంటె హెచ్చు సంఖ్యయు తరచు వ్రాసియుండును. ఊరికి బోవునాడు ఈ రెండవ సంఖ్య ప్రకారము గాలి పట్టించువారు మేమెరిగినంతలో బహు కొద్దిమంది. టైరు కూడ ఒక స్ప్రింగే. తరువాత సమనేలపై కారు నిలిపి, నాలుగు చక్రముల నడిబొడ్డునుండి పై మడ్గార్డు అంచు వరకు టేపుతో కొలువుడు. కుడి యెడమలకు ఒక వ్రేలెడు తేడా యున్నచో ఒక స్ప్రింగు క్రుంగినదనియో, విరిగినదనియో అనుమానింపవలెను. స్ప్రింగు క్రింది కొన తుప్పుపట్టి ముక్క విరుగుట కలదు. కొందరు నెలల తరబడి అది తెలియకయే నడుపుదురు. షాకబ్జర్బరుపై నూనె కారిన జాడ యున్నదేమో చూడుడు. కారు మూలను గట్టిగా నొక్కి విడిచిన, ఒకమారు లేచి కుదురుకొనవలెను. ఊగుచునే యున్నచో షాకబ్జర్బరు పని యైనట్లే. ఇందొక పొరపాటు సర్వసామాన్యము. కారు క్రుంగినదని షాకబ్జర్బర్లు మార్పించి, లేవలేదేయని విచారింతురు. బరువు మోయునది స్ప్రింగు. ఊపును ఆపునది షాకబ్జర్బరు. ఒకరి పని యొకరు చేయరు.

స్ప్రింగు అడుగంట నలిగినప్పుడు దెబ్బ కాచుటకు లోపల నొక రబ్బరు మొద్దు ఉండును. ఎనిమిదేండ్లకు అది పొడియై రాలిపోయియుండవచ్చును. అది లేకున్నచో స్పీడ్ బ్రేకరు దిగునప్పుడు ఇనుము ఇనుమును తాకును. పెద్దావిడ నడుమునకు తగిలిన దెబ్బలలో కొన్ని దీనివే కావచ్చునని మా యనుమానము. దాని వెల స్వల్పము.

బిగువును ఇంటిలోనే కొలుచుట కూడ సాధ్యమే. ఖాళీ కారును రెండు మూడుమారులు నొక్కి విడిచి, ఎత్తు వ్రాసికొనుడు. 25 కిలోల బియ్యపు బస్తా యొకటి వెనుక సీటునను, ఒకటి డిక్కీలోను ఉంచుడు. కారును రెండడుగులు ముందుకు జరిపి, మరల నొక్కి విడిచి, వెనుక రెండుప్రక్కల కొలువుడు. ఒక్కొక్క చక్రమునకు సుమారు 25 కిలోలు పడినవి. 12 మిల్లీమీటర్లు దిగినచో బిగువు మిల్లీమీటరునకు 2 కిలోలకు చేరువ. 8 దిగినచో 3. ఇది చక్రమువద్ద బిగువు. స్ప్రింగు చక్రమునకు లోపలిప్రక్కగా నుండుటచే స్ప్రింగు బిగువు దీనికంటె హెచ్చుగా నుండును. చక్రము 10 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు 7 మాత్రమే నలుగు అమరికలో, చక్రమునకు చేరు బిగువు స్ప్రింగు బిగువులో సగమే. ఒక కారులో సుఖముగా నున్న స్ప్రింగు మరియొక కారులో అట్లే యుండునని తలచుట అందువలన తప్పు.

పరీక్షలో స్ప్రింగులు క్రుంగినవని తేలినచో, కారు పుట్టినప్పుడున్న బిగువునకే క్రొత్తవి, రెండును జతగా వేయింపవలెను. అంతమాత్రముననే పోయిన ఎత్తు తిరిగి వచ్చును. గట్టి స్ప్రింగులు ఎవరికిని పనికిరావని మా యభిప్రాయము కాదు. డిక్కీలో సి.ఎన్.జి. సిలిండరును నిత్యము మోయువారికిని, వ్యాపారపు సామాను దినదినమును వేసికొని పోవువారికిని కొంత బిగువు పెంచుట న్యాయమే. అప్పుడు కారు ఎన్నడును ఖాళీగా నుండదు గనుక ఊపు పెరుగదు. ఐతే బిగువు పెరిగిన స్ప్రింగును ఆపుటకు షాకబ్జర్బరు కూడ దానికి తగినది కావలెను. లేనిచో కారు బంతివలె ఎగురును. కొన్ని బండ్లలో వెనుక బ్రేకుల బలమును కారు ఎత్తును బట్టి మార్చు మీట యుండును. అట్టి కారు ఎత్తు మార్చినచో ఆ మీటను కూడ సరిచేయింపవలెను. వెనుక మాత్రమే బిగించుట యెంతవరకు అన్నది మరియొక ప్రశ్న. ముందు చక్రములు గతుకును ముందుగా ఎక్కును, వెనుకవి క్షణము తరువాత ఎక్కును. వెనుక ఊపు ముందు ఊపు కంటె కొంచెము చురుకైనచో రెండును త్వరలో కలిసికొని కారు సమముగా పోవును. ఈ సంగతిని మారిస్ ఆలీ యను ఇంజనీరు 1930 ప్రాంతమున అమెరికాలో పరిశోధించి స్థాపించెను. కొంచెము చురుకు మేలు. మరీ చురుకైనచో వెనుక కూర్చున్నవారిని ఎగురవేయును, మలుపులలో వెనుకభాగము జారుటకును అవకాశ మిచ్చును.

కుమారునితో ఏమి చెప్పవలెను? మూడు సెంటీమీటర్లు దించినచో నేలకును కారునకును నడుమ నున్న ఎడము అంతయు తగ్గును. ఇప్పుడే రాచుకొనుచున్న కారునకు ఇది చికిత్స కాదు. దించిన కారు రబ్బరు మొద్దును త్వరగా తాకును గనుక గట్టి స్ప్రింగు తప్పనిసరి యగును. ఇక క్రొత్తవి కొనక, ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసివేయు దుకాణములు కలవు. పనిచేయు చుట్లు ఆరున్నచోట ఒకటి కోసిన బిగువు నూటికి ఇరువది వంతులు పెరుగును, కోసిన కొన తన గిన్నెలో సరిగా కూర్చుండదు. దీనికి మాత్రము ఆ సోదరి ఎంతమాత్రము ఒప్పుకొనరాదు. బిగించియున్న స్ప్రింగును తగిన పనిముట్టు లేక ఇంట విప్పబూనుట కూడ ప్రమాదము. అది ఎగిరినచో మనిషిని గాయపరచగలదు. మలుపులలో కారు ఒరుగుట అతని బాధ యైనచో, ఆ పని చూచుటకు రెండు చక్రములను కలుపు ఇనుప కడ్డీ వేరుగా కలదు. అది ఒరగుటను తగ్గించును గాని, రెండు చక్రములును ఒకేసారి ఎక్కు గతుకువద్ద స్ప్రింగును బిగింపదు.

స్పీడ్ బ్రేకరును గూర్చి ఒకమాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1988లో ప్రకటించిన కొలతల ప్రకారము గుండ్రని స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున నుండి, గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటుటకు అనువుగా నుండవలెను. మన వీధులలో రాత్రికి రాత్రి లేచు గుట్టలు ఆ కొలతల నెరుగవు. వానికి స్ప్రింగులలో మందు లేదు; మెల్లగా, వీలైన ఏటవాలుగా ఒక్కొక్క చక్రమునే ఎక్కించి దాటవలెను.

అత్తగారిని వెనుక సీటున గాక ముందు సీటున, బెల్టు పెట్టి కూర్చుండబెట్టవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము. వెనుక సీటు వెనుక ఇరుసునకు చేరువ. కుదుపు అక్కడ హెచ్చు. ముందు సీటు రెండు ఇరుసుల నడుమ నుండును. రూపాయి ఖర్చులేని ఈ మార్పును ఈ దినమే చేయవచ్చును. పండుగ ప్రయాణమునకు బియ్యపు మూటలను, పచ్చడి జాడీలను డిక్కీ చివరను వేయక, వీలైనన్ని ముందు సీట్ల వెనుక నేలపై నుంచుడు. వీలైనచో బరువు సామానును ముందురోజున ఆర్టీసీ పార్సెలులో పంపుడు. యాబది కిలోలు తగ్గిన, పై లెక్క ప్రకారము, వెనుకభాగము పండ్రెండు మిల్లీమీటర్లు లేచును. ఇది ఇరువది వంతులు గట్టిపడిన స్ప్రింగు ఇచ్చు లాభముకంటె హెచ్చు. రాత్రివేళ నిండు బరువుతో పోవునప్పుడు ముందు దీపముల వెలుగు పైకి లేచి ఎదుటివారి కన్నులలో పడును; దీపములను దించు చిన్న చక్రము స్టీరింగు దగ్గర నున్నచో త్రిప్పుకొనుడు.

ఆ సోదరి బియ్యపు బస్తాల కొలతలను మాకు వ్రాసిపంపినచో, ఆమె కారు బిగువును, ఊపును లెక్కించి ఈ పుటలోనే ప్రకటింతుము.